కీర్తిశేషులు దామోదరం సంజీవయ్యగారు

నల్లమల యడవుల నడుమ వెలసిన శ్రీశైలక్షేత్రమునకు శివరాత్రి పర్వమున వచ్చు జనసముద్రమును చూచినవారు మనలో పలువురు కలరు. భక్తుడు తన చేతితోనే మల్లికార్జునుని లింగమును తాకి మ్రొక్కుట ఆ క్షేత్రమున పూర్వమునుండి వచ్చిన ఆచారము. అయినను దేశమందలి ఆలయద్వారములు అందరకును తెరువబడుటకు 1947వ సంవత్సరమున మద్రాసు ప్రభుత్వము ఆలయప్రవేశమునకై ప్రత్యేకముగ చట్టము చేయవలసి వచ్చెను. పరిపాలనాలయ ద్వారము తెరువబడుటకు మరి యైదేండ్లు పట్టెను. 1952వ సంవత్సరారంభమున జరిగిన తొలి సార్వజనిక ఎన్నికలలో, నూరెకరముల ఆసామియు, ఆయన చేలో కలుపుతీయు కూలియు ఒకే వరుసలో నిలిచి, తలకొక్క కాగితము చొప్పున పెట్టెలో వేసిరి. ఆ పెట్టె చేసిన ఘనకార్యములలో కర్నూలు జిల్లా బిడ్డయగు దామోదరం సంజీవయ్యగారి యభ్యుదయము ఒకటి. ఆ పెట్టె శక్తి ఎంతవరకు సాగునో, ఎచ్చట ఆగిపోవునో చూపినదియు వారి జీవితమే. మొదటి సంగతి సభలలో తరచుగ చెప్పబడుచుండును. రెండవ సంగతిని తలచువారు తక్కువ. ఆ రెంటిని కలిపి చూచినగాని వారి చరిత్ర మనకు ప్రయోజనకారి కాజాలదు.

సంజీవయ్యగారు 1921 ఫిబ్రవరి 14వ తేదీన, కర్నూలు పట్టణమునకు చేరువనున్న పెద్దపాడు గ్రామమున, ఒక పేద దళిత కుటుంబమున జన్మించిరి. తండ్రి మునెయ్య, తల్లి సుంకులమ్మ. కుమారుడు పుట్టిన కొలది దినములకే తండ్రి గతించెను. భూవసతి లేని యింట, రెక్కల కష్టమే ఆధారముగా, తల్లియు బంధువులును ఆ బాలుని పెంచిరి. మెట్టగ్రామములలో అట్టి కుటుంబముల స్థితి ఈ సీమవారికి వేరుగ వర్ణింప బనిలేదు. వాన కురిసిన యేట జొన్నచేలలో కూలి. కురియని యేట కరవుపనులలో కంకర కొట్టుట. అట్టి యింటి పిల్లవాడు పలకపట్టి బడికి పోవుటయే ఆనాడు విశేషము.

ఆయన పుట్టుటకు కొన్ని నెలల ముందు, 1920లో, నూతన సంస్కరణల ప్రకారము మద్రాసు శాసనమండలికి ఎన్నికలు జరిగియుండెను. శిస్తో, పన్నో తగినంత చెల్లించువారికే అందు ఓటు. పెద్దపాటి కూలిజనమునకు దానితో నిమిత్తము లేదు. 1932 నాటి పూనా ఒడంబడిక వలన మద్రాసు శాసనసభలో 30 స్థానములు దళితులకు ప్రత్యేకింపబడెను. 1935 చట్టము ఓటర్ల సంఖ్యను పెంచెను గాని, ఆస్తియు చదువును ఓటునకు ఆధారములుగనే నిలిచెను. కూర్చుండుటకు స్థానము ఏర్పడెను. కూర్చుండబెట్టు హక్కు మాత్రము ఆ జాతిలో అత్యధికులకు లేకయే పోయెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 21 ఏండ్లు నిండిన ప్రతి స్త్రీకిని పురుషునకును ఓటునిచ్చి ఈ వింతను తొలగించెను. సుంకులమ్మకును, ఆమె ఊరి రెడ్డికిని, కరణమునకును ఆ నాటినుండి ఓటు ఒక్కటే.

ఇంతలో సంజీవయ్యగారు కర్నూలున ఉన్నతపాఠశాల చదువు ముగించి, అనంతపురమున దత్తమండల కళాశాలలో చేరి పట్టభద్రులైరి. యుద్ధకాలమున కర్నూలు రేషనింగు కచేరీలో చిన్న యుద్యోగము చేసిరి. తరువాత మద్రాసునకు పోయి న్యాయశాస్త్రము చదివి, 1950లో న్యాయవాదిగ నమోదు పొందిరి. ఆ యేటనే తాత్కాలిక పార్లమెంటున సభ్యత్వము లభించెను. తెలుగు సాహిత్యమునందు అభిరుచి, వినువారిని ఆకట్టు వాగ్ధాటి, ఎవరిని నొప్పింపని మాటతీరు వారికి సహజముగ నబ్బినవి. ముఠాతగవులు దినచర్యగా నుండు జిల్లాలో ఈ కడపటి గుణము వారిని పైకి తెచ్చెను. వారిని నమ్మినవారెల్లరును ఆ గుణమును చూచియే నమ్మిరి.

1952 నాటి ఎన్నికలు కాంగ్రెసునకు మద్రాసు రాష్ట్రమున పెద్ద పరీక్ష యైనవి. అప్పుడు ప్రతి అభ్యర్థికిని వేరువేరు పెట్టెలు. పెట్టెమీద గుర్తు అంటింపబడియుండును. అక్షరము రానివాడు కాడి జోడెద్దులనో, కంకి కొడవలినో చూచి తన కాగితమును వేయుచుండెను. శాసనసభలోని 375 స్థానములలో కాంగ్రెసునకు 152 మాత్రమే దక్కెను. పార్టీకి సొంతబలము చాలని ఆ వేళ రాజాజీ మంత్రివర్గమును నిర్మించుచు, శాసనసభకు ఎన్నికయైన సంజీవయ్యగారిని అందు చేర్చుకొనిరి. అప్పటికి వారి వయస్సు 31. రెండేండ్ల క్రిందట నల్లకోటు తొడిగిన యువకుడు, ఓటుపెట్టె పుణ్యమున, సెంటు జార్జి కోటలో మంత్రియై కూర్చుండెను.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించి, కర్నూలు రాజధాని యయ్యెను. కార్యాలయములకు భవనములు చాలక గుడారములు వేయబడెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ భవనమున 1937 నవంబరు 16న కుదిరిన ఒడంబడికలో రాయలసీమవారు కోరినవి ప్రధానముగ మూడు: కృష్ణా, తుంగభద్రా, పెన్నా నదుల జలములలో మొదటి హక్కు, రాజధానియో, ఉన్నతన్యాయస్థానమో ఒకటి, శాసనసభలో జిల్లాలవారీగ సమానస్థానములు. వానిలో రాజధాని మాత్రము దక్కెను. ప్రకాశం పంతులుగారి తొలి మంత్రివర్గమున సంజీవయ్యగారు సభ్యులైరి. ఆ మంత్రివర్గము 1954 నవంబరున మద్యనిషేధ వివాదముమీద ఒక్క ఓటుతో పడిపోయెను. సభ రద్దయి, రాష్ట్రపతి పాలన వచ్చెను.

1955 ఫిబ్రవరిలో జరిగిన మధ్యంతర ఎన్నికలను దేశమంతయు కన్నార్పక చూచెను. మూడేండ్లకు ముందు కమ్యూనిస్టు వ్యతిరేకులు చీలియుండినచోట్ల కమ్యూనిస్టులు గెలిచియుండిరి. ఇప్పుడు కమ్యూనిస్టు వ్యతిరేకులు ఏకమైరి. ఫలితములను పాఠకులు నిదానముగ పరిశీలింప వేడెదము. మొత్తము 196 స్థానములలో కాంగ్రెసునకు 119, దానితో కలిసిన కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజాపార్టీకి 5, వెరసి 146 వచ్చెను. కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు పడెను. దక్కినవి 15 స్థానములు. అనగా ఓటర్లలో మూడవవంతునకు కొంచెము తక్కువమంది కోరినవారు సభలో పదమూడవవంతుగ మిగిలిరి. చట్టమున కిందులో దోషము లేదు. ప్రతి నియోజకవర్గమునను ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచెను. అయితే ఒక పార్టీ ఆధిపత్యము అను మాటకు అర్థము అప్పుడే తేటపడెను. ఎదుటిపక్షము సభలో పలుచనైనపుడు, పాలకులను మార్చు శక్తి సభనుండి జారి, పాలకపక్షపు లోపలి గదిలో చేరును. ఆనాటి విజయోత్సాహమున ఈ సంగతిని తలపోసినవారు కానరారు.

1956 నవంబరు 1న తెలంగాణముతో కలిసి ఆంధ్రప్రదేశ మేర్పడి, రాజధాని కర్నూలును వీడి హైదరాబాదునకు పోయెను. 1957లో తెలంగాణమున మాత్రమే శాసనసభ ఎన్నికలు జరిగెను. 1955లో ఎన్నికైన ఆంధ్రప్రాంత సభ్యులు 1962 వరకు కొనసాగిరి. ఏడేండ్లపాటు ఓటరు ముఖము చూడవలసిన యక్కరలేని శాసనసభ్యుడు సహజముగ ముఠానాయకుని ముఖమునే చూచుచుండెను. 1959లో పంచాయతీరాజ్యము ఆరంభమయ్యెను. సమితి అధ్యక్షుని చేతికి అప్పులు, బావులు, బాటలు, బడులు వచ్చెను. ఉద్దేశము మంచిదే, కాని గ్రామమున ఏ యింటికి అప్పు దక్కవలయునో నిర్ణయించువాడు జిల్లాలో ఏ నాయకుడు నిలువవలయునో కూడ నిర్ణయింప సాగెను.

అట్టి కాలమున ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారు అఖిలభారత కాంగ్రెసు అధ్యక్షపదవికి పోయిరి. ఖాళీయైన పీఠముపై పలువురి చూపు పడెను. చివరకు 1960 జనవరి 11వ తేదీన సంజీవయ్యగారు ముఖ్యమంత్రి పదవిని స్వీకరించిరి. వయస్సు 39 నిండలేదు. భారతదేశమున ఒక రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైన తొలి దళితుడు వారే. ముఠాల కలహములో ఎవరికిని పూర్తిగ లొంగని, ఎవరికిని శత్రువు కాని వ్యక్తి కావలసి వచ్చినందున వారికి ఆ పదవి లభించెనని ఒప్పుకొనక తప్పదు. కాని పదవి యెట్లు వచ్చినను, దానిని వారు ఎట్లు వినియోగించిరన్నదే ముఖ్యము.

రెండేండ్ల రెండు మాసముల స్వల్పకాలములో జరిగిన పనులు తక్కువవి కావు. 1960లో హైదరాబాదు, సికిందరాబాదు పురపాలకములు ఒకే కార్పొరేషనుగ నేకమయ్యెను. దిక్కులేని వృద్ధులకు పింఛను నిచ్చు పథకము ఆరంభమయ్యెను. 1961 జనవరిలో ప్రభుత్వోద్యోగుల లంచగొండితనమును విచారించుటకు అవినీతి నిరోధక శాఖ ఏర్పడెను. భూమిలేనివారికి బంజరుభూములు లక్షల ఎకరముల కొలది పంచబడెను. ముఖ్యమంత్రి తల్లి సుంకులమ్మ మాత్రము పెద్దపాటి యింటనే కాపురముండెను. కుమారుని హోదా ఆమె వేషమునుగాని వాడుకనుగాని మార్చలేదని ఆ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు.

వ్యవసాయభూముల పరిమితి చట్టము 1961లో వచ్చెను. భూవసతిగల పాఠకులకు దాని సంగతి వారి పెద్దలవలన తెలిసియే యుండును. భూమి తరగతినిబట్టి 27 ఎకరములు మొదలు 324 ఎకరముల వరకు ఉంచుకొనుటకు ఆ చట్టము అనుమతించెను. పరిమితి ఇంత విశాలమగుటచేతను, పంపకములకు వలసినంత వ్యవధి దొరకుటచేతను మిగులుభూమి స్వల్పముగనే తేలెను. కూలియింట పుట్టిన ముఖ్యమంత్రి కాలమునకూడ భూస్వాములతో నిండిన శాసనసభ అంతకంటె గట్టి చట్టమును చేయజాలకపోయెను. 1973లో మరియొక చట్టము అవసరమగుటయే ఇందుకు తార్కాణము. నాయకుని పుట్టుక మారినంతమాత్రమున సభ స్వభావము మారదు.

ఆయన నాయకత్వము పార్టీలోని కొందరు పెద్దలకు రుచింపలేదు. నెల్లూరికి చెందిన ఆనం చెంచుసుబ్బారెడ్డిగారు మొదలగువారు అసమ్మతిని నడపిరి. విధానములమీద వచ్చిన భేదములు కొన్ని. పదవులమీద వచ్చినవి మరికొన్ని. తరతరములుగ గ్రామములను ఏలిన కుటుంబములవారు, పెద్దపాటి కూలివాని కుమారుని ముందు వినతిపత్రముతో నిలువవలసివచ్చుటచే కలిగిన మనఃక్లేశమును ఎవరును బయటికి చెప్పకున్నను, అందరును ఎరిగియే యుండిరి.

1962 ఫిబ్రవరిలో, రాష్ట్రమంతట ఒక్కమారుగ, శాసనసభ ఎన్నికలు జరిగెను. సర్వసామాన్యులు, దళితులు జంటగ ఎన్నికగు ద్విసభ్య నియోజకవర్గములు 1961 చట్టముచే రద్దయి యుండెను. పెట్టెకొక గుర్తను పద్ధతి పోయి, ఒకే కాగితముమీద ముద్రవేయు పద్ధతి వచ్చెను. ముఖ్యమంత్రి సంజీవయ్యగారు కోడుమూరునుండి, కాంగ్రెసు అధ్యక్షులు సంజీవరెడ్డిగారు అదే జిల్లాలోని డోనునుండి శాసనసభకు ఎన్నికైరి. 300 స్థానములలో కాంగ్రెసునకు 177, కమ్యూనిస్టులకు 51, స్వతంత్రపార్టీకి 19, సోషలిస్టులకు 2 రాగా, ఏ పార్టీకిని చెందనివారు 51 మంది గెలిచిరి. కాంగ్రెసునకు పడిన ఓట్లు నూటికి 47. కమ్యూనిస్టుల ఓట్లు నూటికి 20లోపునకు తగ్గినను, స్థానములు 1955కంటె మూడింతలకు మించెను.

పాలకపక్షము మరల గెలిచెను. ప్రభుత్వమును నడపి, ఆ ప్రభుత్వపు మంచిచెడ్డలను ఓటరుముందు పెట్టిన ముఖ్యమంత్రి మరల పీఠమెక్కునని సామాన్యుడు తలచుట సహజము. అట్లు జరుగలేదు. 1962 మార్చి 12వ తేదీన సంజీవరెడ్డిగారు ఢిల్లీనుండి తిరిగివచ్చి ముఖ్యమంత్రి యైరి. సంజీవయ్యగారు అఖిలభారత కాంగ్రెసునకు అధ్యక్షులై ఢిల్లీ చేరిరి. ఆ గౌరవము పొందిన తొలి దళితుడును వారే. పీఠములు రెండును తారుమారయ్యెను. ఓటరును మాత్రము ఎవరును అడుగలేదు.

ఇందు అన్యాయము జరిగెనని చెప్పుట సులభము. జరుగలేదని చెప్పుటయు సులభమే. శాసనసభాపక్షము తన నాయకుని ఎన్నుకొనుట రాజ్యాంగమునకు విరుద్ధము కాదు. అఖిలభారత అధ్యక్షత సామాన్యపదవి కాదు. సంజీవరెడ్డిగారు సమర్థులు, అనుభవశాలులు. సంజీవయ్యగారు ఒక్క నిష్ఠురపు మాటతోనైనను పార్టీని ఇరుకునబెట్టలేదు. ఆ సంయమనము వారి వ్యక్తిత్వమునకు వన్నె. అయినను ఆ సంయమనమువలన రాష్ట్రమునకు మేలు కలిగెనా అను ప్రశ్న మిగిలియే యున్నది. గెలిచిన ప్రభుత్వపు నాయకుని ఓటరు తెలియని కారణములచే మార్చుట ఒక్కసారి నిరాటంకముగ సాగెనేని, అది వాడుక యగును. వాడుకయే యయ్యెను. 1978లో ఎన్నికైన శాసనసభ అయిదేండ్లలో నలుగురు ముఖ్యమంత్రులను చూచెను. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డిగారలలో ఒకరి తరువాత ఒకరు వచ్చుట ప్రజల తీర్పువలన గాక, అధిష్ఠానవర్గపు నిర్ణయమువలన జరిగెను. 1983 జనవరిలో ఓటరు దానికి సమాధానము చెప్పెను. అంతటితో ఒకే పార్టీ ఆధిపత్యము ఈ రాష్ట్రమున ముగిసెను. 1962 మార్చిలో విత్తిన విత్తనము 1983లో పంటకు వచ్చెనని మా యభిప్రాయము.

తరువాత సంజీవయ్యగారు 1964లో కేంద్రమున లాల్ బహదూర్ శాస్త్రిగారి మంత్రివర్గమున కార్మికశాఖను చేపట్టిరి. కార్మికులకు లాభమున భాగము కల్పించు బోనసు చట్టము 1965లో వారి కాలముననే వచ్చెను. ఇందిరాగాంధి మంత్రివర్గమునను పనిచేసి, కార్మికసమస్యలను గురించి ఒక గ్రంథము వ్రాసిరి. 1971లో మరల కాంగ్రెసు అధ్యక్షులై, ఆ పదవిలో నుండగనే 1972 మే మాసమున పరమపదించిరి. వయస్సు 51 మాత్రమే. సికిందరాబాదున వారి సమాధియు, హుస్సేనుసాగరు గట్టున వారి పేరిటి ఉద్యానమును కలవు. హంద్రీనదిపై గాజులదిన్నెవద్ద కట్టిన జలాశయమునకు సంజీవయ్యసాగరమని పేరు పెట్టబడెను. మెట్టసీమ బిడ్డకు నీటితోడి జ్ఞాపకచిహ్నము మిక్కిలి తగియున్నది.

శ్రీశైలమునకే మరల వత్తము. నేడు నంద్యాల జిల్లాలో చేరిన ఆ క్షేత్రముక్రింద, పాతాళగంగయని భక్తులు మునుగు కృష్ణకు అడ్డముగ ఆనకట్ట కట్టుటకు 1963 జూలై 24న నెహ్రూపండితుడు శంకుస్థాపన చేసిరి. విద్యుత్తుకొరకే మొదట ఉద్దేశింపబడిన ఆ కట్టడమునుండి పొలములకు నీటిని కోరి రాయలసీమవారు దశాబ్దములు పోరాడవలసి వచ్చెను. శ్రీబాగ్ ఒడంబడికలో మొదటి హక్కుగ వ్రాయబడిన నీరు కన్నులయెదుటనే ప్రవహించుచుండ, చేలు ఎండుచునే యుండెను. నీటికి జరిగినది ఓటునకును జరిగినది. హక్కు కాగితముమీద కలదు. కాలువ తలుపు మరియొకరి చేతిలో నున్నది.

కాబట్టి సంజీవయ్యగారి జయంతినాడు విగ్రహమునకు పూలమాల వేయుటతో మన ఋణము తీరదు. ఒక్క మాటతో పది యిండ్ల ఓట్లను త్రిప్పగల ఆసాములును, పట్టణములలో పార్టీ సంఘములయందు కూర్చుండు పెద్దలును ఈ చరిత్రనుండి గ్రహింపవలసినది కలదు. అభ్యర్థి ఎవరు, గెలిచినపిదప నాయకుడెవరు అను రెండు ప్రశ్నలకును సమాధానము ఎన్నికలకు ముందే, బహిరంగముగ, పార్టీ సభ్యుల ఓటువలననే తేలవలయును. కూలివాని ఓటును అడుగవచ్చిన వారిని, గెలిచినపిదప ఆ ఓటును ఎచ్చట దాచిరని అడుగు అలవాటు గ్రామమున పుట్టవలయును. 1952లో ఓటుపెట్టె పెద్దపాటి బిడ్డను మంత్రిని చేసెను. 1962లో గెలుపు దక్కిన కొలది దినములకే కొందరు పెద్దల యాలోచన ఆయనను రాష్ట్రపీఠమునుండి దింపెను. ఈ రెంటిలో ఏది బలవత్తరముగ నుండవలయునో నిర్ణయించువారు ఢిల్లీలో లేరు. మన యూళ్లలోనే యున్నారు.